ముప్పై ఒకటో వార్డు, పెన్సిల్‌తో

పెన్సిల్‌తోనే రాయమన్నారు ట్రైనింగులో,
తప్పయితే చెరిపేయొచ్చంట.
మెడలో గుర్తింపు కార్డు, సంకలో అట్ట,
బడి విడిచినాక
నీవా ఏటి గట్టెంబడి మొదలుపెట్టినాను.
ఏరు ఉండాల్సిన చోట
తెగిన చెప్పులు, తుమ్మ కంప.

మొదటి గుమ్మం వడివేలు మేస్త్రీది.
మాతృభాష అడిగితే గడ్డం గోక్కున్నాడు.
"కోపమొస్తే అరవం, కూలి లెక్క తెలుగు,
నిద్దట్లో ఏం మాట్లాడతానో మా ఆడదాన్నడుగు."
గడి ఒకటే ఉంది.
ఆమె లోపల్నుంచి అరిచింది: "గురక!"

ఆ నవ్వుతోనే పక్కింటికి పోయినాను.
ఈ ఊరికి ఎప్పుడొచ్చినారు?
"మా బోరు తొమ్మిది నూర్ల అడుగుల కాడ చచ్చిన ఏడు."
ఏ సంవత్సరం పెద్దాయనా?
"అడుగులు చెప్తిని గదమ్మా."
వలస కారణం కాడ అన్నీ అచ్చేసి ఉన్నాయి,
ఉద్యోగం, వ్యాపారం, చదువు, పెళ్లి.
నీళ్లకు గడి లేదు.
ఇతరములు అనే దాని చుట్టూ సున్నా చుట్టినాను.
ఆయన తొంగి చూసి
"సున్నానే, సరిగ్గానే రాసినావు" అన్నాడు.

తాళాలు పదకొండు.
బ్యాటరీ ఫ్యాక్టరీ బస్సెక్కినారు, ఆదివారం రా.
ఆదివారం పోతే
ఓవర్‌టైమంట.

బెల్లం మండీ హమాలీ బాదుల్లా
ఇంట్లో ఎందరంటే వేళ్లు మడిచినాడు,
నాలుగో వేలు కాడ ఆగి, మళ్లా తెరిచినాడు.
చిన్నోడు తెల్లారక ముందే కాట్పాడి బండి పట్టుకుంటాడు,
వేలూరు ఆస్పత్రిలో రోగుల బండ్లు తోస్తాడు,
రాత్రి పదికి దిగుతాడు.
"వాడు ఉన్నట్టా, లేనట్టా టీచరమ్మా?"
ఎక్కడ పడుకుంటే అక్కడి మనిషేనని చెప్పినాను.
"పడుకునేదయితే ఇక్కడే," అన్నాడు,
"అదొక్కటీ ఇక్కడే."
ఇచ్చిన టీ గ్లాసు అంచు మీద
ఆయన వేలిముద్ర ఉన్న చోటే
చీమ తిరుగుతా ఉంది.

మొగిలెమ్మ వాకిట్లో చింతకాయల గుట్ట.
పనేం చేస్తారు?
"పనా? యాడుంది పని."
టక్.
మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీ, డెబ్బై దినాలు,
తోతాపురి తొక్క తీసీ తీసీ
జీడికి కాలిన వేళ్లు చూపించింది.
ఆ తర్వాత?
"తర్వాతేముంది, ఊరికే ఇంట్లోనే."
టక్. గింజ ఒక పక్క, పండు ఒక పక్క,
కిలోకి ఇంతని సేటు ఆటో వచ్చి తూకమేసుకుంటుంది.
ఊరికే. టక్.

ఆరు నెలలకు తక్కువ పని చేస్తే
ఉపాంత కార్మికురాలు అని ఉంది పుస్తకంలో.
గీత పెట్టినాను.
"ఏం రాసినావమ్మా నన్ను?"
చెప్పినాను.
"అంటే?"
అంచున ఉండేవాళ్లని.
చేతిలో రాయి ఆపింది.
"చీరకైతే అంచుకే గదా రేటు" అంది,
మళ్లా కొట్టడం మొదలుపెట్టింది.

రాత్రి మా ఇంట్లో లైటు కింద కూడినాను.
నూట పద్దెనిమిది ఇండ్లు, నాలుగు వందల ముప్పై ఏడు ప్రాణాలు.
ఇంటికి ముగ్గురూ, మీద
ముక్కాలుకి రవంత తక్కువ ఇంకొకరు.
ఆ తక్కువ మనిషి నాకు తెలుసు.
పది గంటల బండి కూత
అప్పుడే వినపడింది.

ఆఖరి ఇల్లు మాదే, మిగిలిపోయింది.
కుటుంబ పెద్ద కాడ
చెయ్యి దానంతటదే గుణశేఖరం అని రాసేసింది.
పాల డిపో మూతబడి మూడేండ్లు.
వంటింట్లో ఆయన బియ్యం కడుగుతున్నాడు,
రెండో నీళ్లు తులసికని పక్కన పెడతా.
పనేం చేస్తారండీ, అని అడిగినాను
కార్డు మెడలోనే ఉంది కాబట్టి.
కొంచేపు నీళ్ల చప్పుడే.
"ఏదన్నా రాసుకో," అన్నాడు,
"ఇతరములు అని మాత్రం వద్దు."

రబ్బరు కోసం ఇల్లంతా వెదికినాను.
పాప బడిసంచి అడుగున దొరికింది,
అరిగి అరిగి
చింతగింజంత.